గడప కింది కాలు

చెప్పేవాళ్ళు చెబుతుంటే వినేవాళ్ళు ఊ కొట్టిన కాలంలో, రాజులకు మీసాలూ బంటులకు గాయాలూ దండిగా ఉన్న కాలంలో, నల్లదిన్నె అని ఒక కోట ఉండేది. ఊ కొట్టండి మరి. కొట్టకపోతే చెప్పను.

ఆ కోటలో బయ్యన్న అని ఒక బంటు. గుర్రం లేదు, ఏనుగు లేదు. తలవాకిలి కాపలా వాడి పని. పొద్దు పొడిస్తే గడియ తీయాలి, పొద్దు గూకితే గడియ పెట్టాలి. గడియంటే మన ఇళ్ళలో ఉండే వేలెడంతది కాదు, ఇద్దరు ఎత్తితేగాని లేవని మాను.

ఒకసారి పొరుగు రాజు దండెత్తి వచ్చాడు. తెల్లవారుతూనే ఏనుగును తలుపుల మీదికి తోలించాడు. మొదటి దెబ్బకు తలుపు కిర్రుమంది. రెండో దెబ్బకు గోడ మట్టి రాలింది. మూడో దెబ్బకు గడియమాను పటుక్కున విరిగింది. లోపలంతా చెదలు! మారుస్తాం, మారుస్తాం అంటూ కోట సేనకు పెద్ద అయిన దళవాయి ఏళ్ళ తరబడి మార్చని మాను అది.

తలుపు వెనక ఒక రాతిగుంజ పాతి ఉంది. బయ్యన్న దానికి వీపు ఆనించి కూలబడ్డాడు. కుడికాలు తలుపుకు తన్నిపెట్టాడు.

"కొత్త మాను తేండ్రా!" అని అరిచాడు.

తోటి బంటులు పరుగెత్తారు. ఏనుగు గుద్దింది, కాలు కదలలేదు. మళ్ళీ గుద్దింది, కాలు విరిగింది, కదలలేదు. మూడోసారి గుద్దేలోపు కొత్త మాను వచ్చి పడింది. కోట నిలిచింది. బయ్యన్న కాలే నిలవలేదు. వైద్యుడు మోకాలి దగ్గరికి తీసేశాడు. దాన్ని ఎక్కడో పారేయడానికి తోటి బంటులకు మనసొప్పలేదు. తలవాకిలి గడప కిందే పాతిపెట్టారు.

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. యుద్ధం ముగిసిన నాడు బతికున్న బంటులంతా వరసగా నిలబడి కుడికాలు ముందుకు చాపాలి. రాజుగారి భట్టు వరస వెంట నడుస్తూ, ఎవరు ఏం చేశారో అడిగి, తాటాకు మీద పేర్లు ఎక్కిస్తాడు. ప్రతి దసరాకూ తలవాకిలి లోపలి బయల్లో ఆయుధపూజ అయ్యాక ఆ పేర్లు చదువుతాడు. కొత్తగా ఎక్కినవాడి కుడికాలికి రాజే స్వయంగా వంగి గండపెండేరం తొడుగుతాడు. ఏడాది పొడుగునా ఊరు రాజుకు వంగుతుంది కదా, ఆ ఒక్క పూట రాజు బంటుకు వంగుతాడు. చచ్చినవాడికి పేరు చెక్కిన రాయి, వీరగల్లు నిలబెడతారు. మరి వరసలోనూ లేక, చచ్చినవాళ్ళలోనూ లేకపోతే? పారిపోయినట్టే. తాటాకు మీద అలాగే ఎక్కుతుంది.

ఆ నాడు బయ్యన్న వైద్యుడి చాప మీద ఒళ్ళు తెలియకుండా పడున్నాడు.

చూశారా న్యాయం! కోటను నిలబెట్టినవాడు నిలబడలేకపోయినందుకు, పారిపోయాడని రాసేశారు.

బయ్యన్న పెళ్ళాం తిప్పక్క బావికి పోతే, "పారిపోయినోని పెండ్లామా, పక్కకు జరుగు" అన్నారు. ఆమె ఖాళీ కడవతో ఇంటికొచ్చింది.

"నీ కాలు పోయినా నేను ఏడ్చలేదు. ఈ మాటకు ఏడుపొస్తాంది" అంది.

విరిగిన గడియమానులో చెదలు తినని ముక్క ఒకటి మిగిలింది. బయ్యన్న దాన్ని చంకకర్రగా చెక్కుకున్నాడు. టకటకమంటూ దళవాయి దగ్గరికి పోయాడు.

"రాసింది తప్పు సామీ. దిద్దండి."

"కుడికాలు చాపు."

"లేదు సామీ."

"లేని కాలికి పెండేరమేందిరా? రెండు బస్తాల కొర్రలు ఇప్పిస్తా, గమ్మునుండు." చెదల సంగతి బయటపడితే ఆయన పరువు పోదూ!

"కాలిచ్చింది నేను సామీ. పేరియ్యాల్సింది మీరు" అని బయ్యన్న వచ్చేశాడు.

టకటకమంటూ భట్టు దగ్గరికి పోయాడు.

"రాసింది తప్పు సామీ. దిద్దండి."

"ఎక్కించిన ఆకు దిద్దితే నా మాటకు విలువేముంటుంది? కావాలంటే నీ మీద వేరే పద్యం కడతాను."

"నా పెండ్లాం బాయికాడ పద్యం పాడుకోవల్లనా? కాలిచ్చింది నేను సామీ. పేరియ్యాల్సింది మీరు" అని బయ్యన్న వచ్చేశాడు.

టకటకమంటూ రాజు కొలువుకే పోయాడు. రాజు చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విన్నాడు.

"కాలు లేదు కదా బయ్యన్నా. చేతికి బంగారు కడియం వేస్తాను, సరేనా?"

"చెయ్యేం చేసింది దొరా? చేసింది కాలు. అది గడప కింద ఉండాది. ఆడికొచ్చి తొడుగండి."

కొలువంతా ఉలిక్కిపడింది. రాజు ముఖం ఎర్రబడింది. "ఊరంతా తొక్కే గడప దగ్గర నేను వంగాలా?"

"ఆ కాలు అడ్డం లేకుంటే, ఆ పొద్దే మీరు పగోని కాళ్ళకాడ వంగుండేవాళ్ళు దొరా."

మెడపట్టి గెంటించారు. గెంటరూ మరి!

దసరా వచ్చింది. భట్టు పేర్లన్నీ చదివాడు. చివరి పేరు అయిందో లేదో, గడప దగ్గర చంకకర్ర మూడుసార్లు మోగింది.

"బయ్యన్న! తలవాకిలి బంటు! కుడికాలు ఈడుండాది!"

ఈడ్చేశారు. మరుసటి దసరాకు మళ్ళీ వచ్చాడు. ఈసారి గొంతు వినబడకుండా డప్పులు కొట్టించారు. డప్పులు ఆగేదాకా ఆగి, అప్పుడు అరిచాడు. ఆ తరువాతి దసరాకు చంకకర్ర లాక్కున్నారు. పాకుతూ వచ్చి పిడికిలితో కొట్టాడు. ఇక విసిగిపోయి వదిలేశారు. ఏళ్ళు గడిచాయి. పిలిచేవాడు లేకపోయినా, ఒక్క దసరా తప్పకుండా తన పేరు తానే పిలుచుకున్నాడు.

ఒక ఎండాకాలం బయ్యన్న కన్నుమూశాడు.

ఆ ఏడు దసరాకు భట్టు చివరి పేరు చదివాడు. జనం తలలన్నీ వాకిలి వైపు తిరిగాయి. చప్పుడు లేదు. రాజు హమ్మయ్య అనుకున్నాడు.

టక్. టక్. టక్.

తిప్పక్క! చేతిలో మొగుడి చంకకర్ర.

"బయ్యన్న! తలవాకిలి బంటు! కుడికాలు ఈడుండాది!"

పొద్దు గూకుతోంది. తలుపులు మూయమని దళవాయి కేక వేశాడు. వాకిలి బంటులు తలుపు మూయలేదు. గడియమాను నేల మీద పెట్టి దాని మీద కూర్చున్నారు. ఆనాడు కొత్త మాను మోసుకొచ్చింది వీళ్ళే. ఇప్పుడు తలలు నెరిసిపోయాయి.

"ఏమిరా ఇది?" అన్నాడు రాజు.

"ఆ పొద్దు బయ్యన్న సంగతి మమ్మల్ని ఎవురూ అడగలేదు. మేమూ దళవాయికి భయపడి చెప్పలేదు. ఈ పొద్దు చెప్తాండాం దొరా. పాత మాను చెదలు తినింది. గడియకు బదులు బయ్యన్న కాలు పెట్టినాడు. వాని పేరు పిలిస్తేనే ఈ మాను లేస్తాది."

దళవాయి కత్తి దూశాడు.

"పొడువు సామీ. పొడిచినాక మాను నువ్వే మొయ్యల్ల" అన్నారు వాళ్ళు.

దళవాయికి డెబ్బై ఏళ్ళు. మాను వంక చూశాడు, కత్తి వరలో పెట్టాడు. ఇంతలో జనమూ ఒక్కొక్కరే వచ్చి మాను పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. బావి దగ్గర తిప్పక్కను జరగమన్నవాళ్ళు కూడా వచ్చారు, తల దించుకుని.

కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బయట చీకటి పడబోతోంది. రాజు గద్దె దిగాడు. భట్టు ఆకు తీసి, పాత రాత గీకేసి, పేరు ఎక్కించాడు. గట్టిగా మూడుసార్లు పిలిచాడు. రాజు గడప దగ్గరికి వచ్చి వంగాడు. తల మాత్రమే వంచాడని కొందరంటారు. నడుము వంచాడనే నేను చెబుతాను. పెండేరాన్ని గడప కుడి కొసన మేకులు కొట్టి బిగించారు.

"శానా ఆలిస్యంగా వచ్చినావు దొరా" అంది తిప్పక్క.

మరునాడు పొద్దున్నే కడవ తీసుకుని బావికి పోయింది. అందరూ దారి ఇచ్చారు. ఆమె నీళ్ళు చేదుకుంటూ, "బయ్యన్న పెండ్లాం వచ్చింది. ఇంగ చెప్పండమ్మా, ఎవురు పక్కకు జరగల్ల?" అని అడిగింది.

ఇప్పుడు ఆ కోట లేదు. గోడలు కూలిన చోట మేకలు మేస్తున్నాయి. ఆ దళవాయి పేరేమిటో, ఆ రాజు పేరేమిటో నన్నడిగితే నాకు తెలియదు. ఆ పక్క ఊళ్ళలో మాత్రం ఇల్లు కడితే గడప కుడి కొసన ఒక ఇత్తడి కడియం బిగిస్తారు. ఏ అధికారి అయినా నీ పేరు లేదు పొమ్మంటే, అక్కడివాళ్ళు పోరు. ఆ అధికారి వాకిట్లోనే కూర్చుని, "వంగి చూడు సామీ, ఉంటాది" అంటారు.

పొద్దు గూకాక తలుపు మూసేటప్పుడు, ఇంటి ఆడవాళ్ళు గడప మీద వేలి కణుపులతో మూడుసార్లు తడతారు. తట్టి, లోపల నిద్రపోతున్న మనిషితో అన్నట్టు మెల్లగా అంటారు:

"బయ్యన్నా, ఇంక కాలు తీసుకో నాయనా. మేం గడియ పెడతాండాం."