చల్లారని పాలు

రోగి మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనిస్తే చాలు, గౌరీసుకి తన గుండె చప్పుడే ఆ వేళ్ళలో కొట్టుకునేది. నాగావళి ఒడ్డున జగన్నాయకులు గారి దగ్గర తొమ్మిదేళ్ళు వైద్యం నేర్చినవాడికి వచ్చిన కష్టం అది.

కార్తీక పున్నమికి అతన్ని ఏటి అవతలి నాలుగూళ్ళకి వైద్యుడిగా పంపుతానన్నారు గురువుగారు. అక్కడ మరో వైద్యుడు లేడు. ఆ మాట విన్న నాటినుంచీ గౌరీసుకి కంటిమీద కునుకు లేదు, అన్నం సయించదు. మొన్నటికి మొన్న మోకాలి నొప్పితో వచ్చిన ముసలమ్మ నాడి పట్టి, జోరుగా ఉందని, లోపల జ్వరముందని మూడు రోజులు లంఖణాలు చేయించాడు. ఆ జోరు తనదేనని తర్వాత తెలిసింది. ఆకలి మీద ఆవిడ పెట్టిన శాపనార్థాలు ఊరంతా విన్నది.

తన వైద్యం తనే మొదలెట్టాడు. పొద్దున్నే సరస్వతి ఆకు పసరు, మధ్యాహ్నం జటామాంసి, పడుకోబోయే ముందు అశ్వగంధ. గుణం కనబడకపోతే మోతాదు పెంచాడు. అన్నీ నిలబడే మింగేవాడు, ఒక చేత్తో కల్వంలో మందు నూరుతూ. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది అతని పని.

చివరికి సిగ్గు విడిచి గురువుగారి ముందు కూలబడ్డాడు. నాడి తెలియనివాడు వెళితే ఆ ఊళ్ళలో మనుషులు చస్తారని, తనను పంపొద్దని ఏడ్చాడు. ఇంతకంటే గట్టి మూలిక ఏదైనా ఉంటే ఇమ్మన్నాడు.

గురువుగారు ఆ సాయంత్రం పాలు మరిగించి, చిటికెడు పొడి కలిపి, మందపాటి కంచు గిన్నెలో అంచుదాకా పోసి ఏటి ఒడ్డున బండ మీద పెట్టారు.

“చల్లారాక తాగు. ఊదకు. లేవకు.”

కంచు గిన్నె ఓ పట్టాన వేడి వదలదు. మొదటి రోజు గౌరీసు పదిసార్లు ముట్టుకుని వేళ్ళు కాల్చుకున్నాడు. నాలుగో రోజుకి ఏటి మీద మంచు లేవడం చూశాడు. పాల ఆవిరి ఎక్కడ ఆగిందో, మంచు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అవతలి ఒడ్డున పశువుల మెడగంటలు కదిలాయి. ఎవరో పడవని కేకేశారు, ఆ కేక నీళ్ళ మీద నెమ్మదిగా నడిచి వచ్చింది. ఒక సాయంత్రం పాల సంగతే మరిచిపోయాడు. చూసుకునేసరికి మీగడ తొరక కట్టింది. ఆ రాత్రి నిద్ర తనంతట తనే వచ్చింది.

పున్నమికి ముందురోజు కూడా గురువుగారు గిన్నె తెచ్చి పెట్టారు. ఇందులో ఏం మూలిక వేస్తున్నారని గౌరీసు అడిగాడు.

“నువ్వు వేసుకున్న అశ్వగంధే. మోతాదు సగం,” అని ఆయన పక్కన కూర్చుని కుడి చెయ్యి చాపారు. “చూడు.”

గౌరీసు మూడు వేళ్ళూ ఆనించాడు. తన చప్పుడు ఎక్కడా లేదు. గురువుగారి నాడి నాలుగడుగులు నడిచి, ఆగింది. మళ్ళీ నడిచింది. మళ్ళీ ఆగింది. ఆగి ఆగి నడిచే నాడి ఎన్నాళ్ళో నడవదని అతనికి చెప్పింది ఆయనే.

“ఎన్నాళ్ళ నుంచి గురువుగారూ?”

“వేసంగి నుంచి.”

“ఇంత కొద్ది వ్యవధి పెట్టుకుని, రోజూ నన్ను పాల ముందు ఊరికే కూర్చోబెట్టారా?”

“వ్యవధి లేదు కనకనే కూర్చోబెట్టాను రా.”

గౌరీసు కళ్ళు నిండిపోయాయి. గురువుగారి మణికట్టు మీది వేళ్ళు మాత్రం వణకలేదు. రెండో చేత్తో గిన్నె ముట్టుకుని చూశాడు.

ఇంకా వేడిగానే ఉంది. ఇద్దరూ ఏటివైపు చూస్తూ కూర్చున్నారు.