చప్పుడు లేని ఇంట భోజనం

ప్రశ్న అడిగినవాళ్ల ఇంట ఒక పూట భోంచేస్తే గాని జవాబు చెప్పకపోవడం సూర్యప్రకాశం మాస్టారికి అలవాటు. పార్వతీపురంలో గ్రంథాలయం వెనక ఉన్న హాల్లో వారానికోసారి ఆయన వేదాంతం చెబుతారు. వినేవాళ్లు పదిమందికి మించరు. ఎవరైనా సందేహం అడిగితే కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, "మీ ఇంట్లో వంట ఎన్నింటికవుతుంది?" అంటారు. ఆయన తిండిపోతు అని ఊళ్లో ఒక మాట ఉంది. ఆయన ఆ మాటని ఎప్పుడూ కాదనలేదు.

ఆ వారం పాఠం అయ్యాక, ఎప్పుడూ నోరు విప్పని హైమావతి లేచి నిలబడింది.

"మాస్టారూ, దయ్యాల సినిమాలకి జనం ఎందుకు వెళతారు?"

హాలంతా నవ్వింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన జోగారావు గారు వెనక్కి తిరిగి, "నన్నడగండమ్మా, చెబుతాను. మా బావమరిది సంసారంతో సహా దిగుతున్నాడు రేపు. నాకు టికెట్ కూడా అక్కర్లేదు," అన్నారు. అందరూ మళ్లీ నవ్వారు. హైమావతి నవ్వలేదు.

"చేదు మందు ఎవరూ సరదాకి తాగరు కదండీ. భయాన్ని మాత్రం వరసలో నిలబడి మరీ కొనుక్కుంటారు. అదంటే ఏమిటో తెలియనివాళ్లయితే పోనీ అనుకోవచ్చు. మా అమ్మాయికి తెలుసు. తెలిసీ వెళుతోంది."

మాస్టారు కళ్లజోడు తీశారు. "ఎల్లుండి వస్తానమ్మా. కూర ఏదైనా ఫరవాలేదు. పప్పు మాత్రం ఉండాలి."

ఆవిడ సరేనంది. దారి పొడుగునా దిగులు పడింది. మాస్టారి గొంతు పెద్దది.

ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం ఆవిడ భర్త కామరాజు, బజారుకి వెళ్లబోతూ చెప్పుల్లో కాలు పెట్టి, పెట్టినవాడు పెట్టినట్టే గుండె పట్టుకుని గుమ్మంలో కూలిపోయాడు. ఆస్పత్రికి వెళుతుంటే ఆటోలో ఆయన తల ఆవిడ ఒళ్లో ఉంది. పక్కన కూతురు మంజరి. హైమావతి ఒక్క కేక పెట్టలేదు. మంజరి నోరు తెరవబోతే చేత్తో గట్టిగా మూసింది. వాళ్ల అత్తగారు బతికున్న రోజుల్లో అంటూ ఉండేది, మనిషికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంట్లో ఆడవాళ్లు గొల్లుమంటే, పోదామా వద్దా అని గుమ్మంలో నిలబడ్డ ప్రాణం కాస్తా బెదిరి పోతుందని. ఆ మాటే పట్టుకుని ఆవిడ నోరు బిగించి కూచుంది. ఆయన బతికాడు. దాంతో ఆ మాట నిజమైపోయింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చాలా చెప్పాడు. మందులు మానొద్దన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు, పొద్దున్నే నడవమన్నాడు, నలుగురిలో కూచుని కబుర్లు చెప్పమన్నాడు, మనసుకి ఒత్తిడి లేకుండా చూసుకోమన్నాడు. ఆ చివరిది ఒక్కటే హైమావతి కొంగున మూటగట్టుకుంది. ముందు కాలింగ్ బెల్ తీగ పీకించింది. కుక్కర్ అటకెక్కింది, విజిల్‌కి ఆయన ఉలిక్కిపడితే ఎలా? పప్పు గిన్నెలోనే ఉడికేది, ఎంతసేపైనా. కంచాల కింద పాత తువ్వాళ్లు పరిచేది. తలుపులకి గుడ్డపీలికలు కట్టింది. ఫోన్లకి గొంతు లేదు, టీవీకి గొంతు లేదు, క్రమంగా మనుషులకీ లేదు. ఇరుగుపొరుగువాళ్లు ఆవిడ ఓర్పుని మెచ్చుకున్నారు. పోయిన నెల చూసినప్పుడు డాక్టరు కామరాజుతో, బజారుకి కూడా మీరే వెళ్లి రావచ్చండీ అన్నాడు. హైమావతి తువ్వాళ్లు తియ్యలేదు.

అలాంటి ఇంట్లో పిల్ల, కాలేజీ నుంచి స్నేహితురాళ్లతో మ్యాటినీకి వెళుతోందని తెలిసింది. అదీ దయ్యాల సినిమాలకి. ఒకటి కాదు, ఊళ్లోకి వచ్చినవన్నీ. అడిగితే దాచలేదు, బాగుంటాయంది. ఉలికిపాటు అనే మాటే ఇంట్లోకి రాకుండా ఈవిడ పగలూ రాత్రీ కాపలా కాస్తుంటే, ఈ పిల్ల దాన్ని వెతుక్కుంటూ వెళ్లి నవ్వుతూ వస్తోంది. తండ్రి అంటే దీనికి ఏమీ లేదా అనిపించింది హైమావతికి. ఆ మాటే పిల్ల మొహాన అనేసింది, గుసగుసగానే. అప్పటి నుంచి మంజరి తల్లితో మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో అది గుర్తుపట్టడానికి కూడా కొన్నాళ్లు పట్టింది. గుర్తుపట్టాక హైమావతికి నిద్ర కరువైంది. ఒకరిని దక్కించుకోవడంలో ఇంకొకరు చేజారిపోతున్నారని తెలుస్తోంది. పట్టు ఎక్కడ వదలాలో తెలియడం లేదు.

మాస్టారు చెప్పిన వేళకి వచ్చారు. హైమావతి వీధి గుమ్మంలోనే ఎదురెళ్లి, "ఏమీ అనుకోకండి, కాస్త మెల్లగా..." అంది. ఆయన తలూపి చెప్పులు చేత్తో తీసి పక్కన పెట్టారు.

కింద పీటలు వేసి కూచున్నారు, ఒక పక్క మాస్టారు, ఎదురుగా కామరాజు, ఆ పక్కన మంజరి. కంచం కింద తువ్వాలు చూసి మాస్టారు దాన్ని వేలితో తడిమారు. పప్పు బాగుందన్నారు, పెదాలతోనే. కామరాజు చిన్నగా నవ్వి తలొంచుకున్నాడు. మంజరి వేలితో అన్నంలో గీతలు గీస్తోంది.

"ఏమ్మా మనవరాలా, ఈ మధ్య ఏం సినిమా చూశావు?" అన్నారు మాస్టారు.

మంజరి తల్లి వైపు చూసింది. హైమావతి పెరుగు గిన్నె పట్టుకుని గోడవార నిలబడి ఉంది. వద్దనడానికి పెద్దాయన ముందు నోరు రాలేదు.

"మీరు అలాంటివి చూడరు కదా తాతగారూ."

"చూడను. అందుకే కథ చెప్పమంటున్నా. కొత్త పెళ్లికూతురా, పాత బంగళానా?"

"బంగళా కాదండీ. మనలాంటి ఇల్లే." మంజరి గొంతు తగ్గించింది. తగ్గించక్కర్లేదు, ఆ ఇంట్లో గొంతులన్నీ ముందే తగ్గి ఉన్నాయి. అదే కథకి కలిసొచ్చింది. "ఒకావిడ అద్దెకి దిగుతుంది. పెరట్లో పాత రుబ్బురోలు ఉంటుంది. వాడకండి, అరిగిపోయింది అంటుంది ఇంటావిడ. ఓ రోజు ఈవిడ పడుకుంటే పెరట్లోంచి చప్పుడు. రోట్లో పొత్రం తిరుగుతున్నట్టు. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. రోట్లో మాత్రం పిండి ఉంటుంది, తడిగా. గోడ మీద పిండి చెయ్యి, ఐదు వేళ్లూ."

కామరాజు ముద్ద కంచంలోనే ఆగింది.

"కడిగేస్తుంది. మర్నాడు ఇంకో చెయ్యి. ఈసారి పెరటి గోడ మీద కాదు, వంటింటి గోడ మీద. ఆ మర్నాడు పడగ్గది గుమ్మం మీద."

"లోపలికి వస్తోందన్నమాట," అన్నాడు కామరాజు. చాలా రోజుల తర్వాత ఎవరూ అడగకుండా ఆయన అన్న మాట అది.

"వస్తోంది నాన్నా. ఆ రోజు ఇల్లంతా వెతుకుతుంది, ఎక్కడా చెయ్యి కనపడదు. గోడలన్నీ శుభ్రంగా ఉంటాయి. పీడ వదిలిందిలే అనుకుని అద్దం ముందుకొచ్చి జడ విప్పుకోడానికి వెనక్కి తిరుగుతుంది. తిరిగితే..." మంజరి ఆగింది. గొంతు అందనంత కిందికి దిగింది. "జాకెట్టు మీద, ఈ భుజం దగ్గర..."

పెరుగు గిన్నె నేల మీద పడింది.

గిన్నె, గరిట, మూత, మూడూ గచ్చు మీద దొర్లాయి. ఎనిమిది నెలలుగా ఆ ఇల్లు ఎరగని మోత. దాన్ని మించి హైమావతి అరిచింది. ఎప్పటిదో కేక అది, పొట్టలోంచి వచ్చింది. మంజరి అరిచింది. "ఓరి నాయనో" అంటూ మాస్టారు పీట మీంచి పక్కకి జరిగారు, చేతిలో ముద్ద ఎటు పోయిందో తెలియదు. అందరికంటే గట్టిగా అరిచింది కామరాజు.

హైమావతి పెరుగులో కాలు జారుతూ ఆయన దగ్గరికి పరుగెత్తింది. ఆయన వంగిపోయి ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఆవిడ ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకుని పైకెత్తింది. కళ్ల వెంట నీళ్లు. ఆయన నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకోలేక, ఊపిరి అందక, చెయ్యెత్తి ఆగమని సైగ చేస్తున్నాడు.

"ఏవండీ, గుండెల్లో..."

"కొట్టుకుంటోంది హైమా, దివ్యంగా కొట్టుకుంటోంది. చూసుకో కావాలంటే." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నవ్వు కాస్త తగ్గాక మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారూ, ఇన్నాళ్లూ ఈ ఇంట్లో దయ్యాన్ని నేనేనండీ. నేను దగ్గితే వీళ్లిద్దరూ చెరో గుమ్మంలో నిలబడతారు. దాహం వేసి లేస్తే చాలు, మొహాలు పాలిపోతాయి. ఇవాళ నా డ్యూటీ ఆ రుబ్బురోలావిడ చేసింది. నాకో పూట సెలవు దొరికింది."

హైమావతి ఆయన మొహం వదిలి నేల మీద కూలబడింది. పెరుగు చీరకంతా అంటింది. గుమ్మంలో ఆయన పడిపోయిన పొద్దున రావలసిన ఏడుపు ఇప్పుడు వచ్చింది, పెద్దగా, వెక్కిళ్లతో, వీధిలోకి వినపడేటట్టు. ఎవరూ ఊరుకోమనలేదు. కాసేపటికి మంజరి వచ్చి పక్కన కూచుంది.

"అమ్మా, నాకు అక్కడ బాగుండేది ఇందుకే," అంది. "అందరం ఒక్కసారే అరుస్తాం. ఎవరూ ఎవరి నోరూ మూయరు."

హైమావతి కూతురి మొహంలోకి చూసింది. ఆటోలో తన చెయ్యి అడ్డం పడింది ఎక్కడో ఆవిడకి గుర్తొచ్చింది. చీర కొంగుతో పిల్ల మూతి తుడిచింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

మాస్టారు చెయ్యి కడుక్కుని వీధి అరుగు మీదికి వచ్చారు. చెప్పులు వేసుకుంటుంటే హైమావతి వెనకే వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"భోజనం సరిగ్గా చెయ్యనివ్వలేదు మిమ్మల్ని. క్షమించండి."

"పెరుగన్నం బాకీ పడ్డావు. ఫరవాలేదు."

"నా ప్రశ్నకి మీరేం చెప్పలేదు మాస్టారూ."

మాస్టారు జవాబు చెప్పబోయి ఆగారు. లోపల కామరాజు గొంతు వినిపిస్తోంది, "ఆ, భుజం మీద చెయ్యి. తర్వాత?" అని. మంజరి ఏదో అంది. కామరాజు "హమ్మో" అన్నాడు.

ఆయన లోపలి వైపు చెయ్యి చూపించారు.

"వెళ్లమ్మా. నువ్వు లేకుండా భయపడేస్తున్నారు."