రెండు జానల పీట

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంటి పంచలో ఎప్పుడు చూసినా టేకు పొట్టు వాసనే. తినే అన్నంలో కూడా పొట్టు పడేదంటే నమ్ముతావా? నమ్మకపోతే మానెయ్, కాళ్ళు మాత్రం దుప్పట్లో పెట్టుకో.

ఆ పంచలో సోమాచారి అనే వడ్రంగి పీటలు, మంచాలు, ఉయ్యాల బల్లలు చేసేవాడు. ఆయన కూతురు భ్రమర. ఉలి పట్టడం, రంపం లాగడం, చెక్కను నున్నగా చిత్రిక పట్టడం అన్నీ నేర్చుకుంది. కానీ ఒక్క వస్తువు కూడా మొదటి నుంచి చివరిదాకా తనే చెయ్యలేదు. నాన్న చెయ్యనిస్తేగా!

అలా ఉండగా సోమాచారి కళ్ళకు పొర కమ్మింది. తను గీసిన గీత తనకే కనపడడం మానేసింది. "ఇక చాల్లేమ్మా, పనిముట్లన్నీ మీ మేనమామకు ఇచ్చేద్దాం," అన్నాడు.

భ్రమర చటుక్కున ఉలి అందుకుంది. ఆ ఉలి లేకపోతే తన చేతులు ఏం చేసుకోవాలి? "ఒక్క పీట నన్ను సొంతంగా చెయ్యనియ్యి నాన్నా. కుదరకపోతే అప్పుడిచ్చెయ్," అంది.

అంతలోనే ఆ ఊళ్ళోనే ఉండే చెంచమ్మవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. "ఆచారీ, నేల మీద కూచుంటే లేవలేకపోతున్నానయ్యా. నాకో ఎత్తుపీట చేసిపెట్టు," అంది.

సోమాచారి కూతురికేసి తిరిగాడు. "ఎత్తుపీటంటే రెండు జానలు. మా నాన్న నాకు చెప్పిందదే. కానియ్," అన్నాడు.

జాన అంటే తెలుసా? నీ చెయ్యి చాపు. ఇదిగో, ఈ బొటనవేలి కొస నుంచి ఆ చిటికెనవేలి కొస దాకా. నీది చూడు, ఎంత బుల్లి జానో!

భ్రమర తన చేత్తో రెండు జానలు కొలిచింది. పీటకు కాళ్ళు కోసింది, బెజ్జాలు తొలిచింది, ఒక్క మేకు కొట్టకుండా బిగించింది. అవ్వ కూచుంది. కూచున్నది కూచున్నట్టే ఉండిపోయింది. పీట పొట్టిదైపోయింది. తండ్రీకూతుళ్ళు చెరో రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఆ తర్వాత భ్రమర ఆలోచించింది. "నాన్న చెయ్యి పెద్దది కదా, ఆ చేత్తోనే కొలవాలి," అనుకుంది. చెక్క మీద నాన్న చేత రెండు జానలు కొలిపించి ఇంకో పీట చేసింది. ఈసారి అవ్వ కూచోలేదు, ఎక్కింది! కాళ్ళు నేలకు అందక గాల్లో ఊగాయి. "నన్ను అటకెక్కించారేంటయ్యా!" అని గోలపెట్టింది.

సోమాచారి ముఖం చిన్నబోయింది. ఆయన కొలత ఎన్నడూ తప్పలేదు మరి. పాపం, ఆయనకే తెలియని సంగతి ఒకటుంది. నోటితో రెండు జానలు అనేవాడే గానీ, వచ్చిన మనిషిని ఒకసారి చూసి ఓ వేలు తగ్గించేవాడు, ఓ వేలు పెంచేవాడు. ఆ పని ఇన్నాళ్ళూ కళ్ళే చేసుకుపోయాయి. తెలిస్తే కదా కూతురికి చెప్పడానికి!

ఆయన ఉలులన్నీ గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టాడు. భ్రమర ఏడ్చింది. ఏడవక ఏం చేస్తుంది? అప్పుడు కళ్ళు తుడుచుకుని, రంపం ముట్టుకోకుండా, ఉత్త చేతులతో చెంచమ్మవ్వ ఇంటికి వెళ్ళింది. పక్కన కూచుని గోంగూర బాగుచేస్తూ, అవ్వ ఎలా కూచుంటుందో, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనిస్తుందో చూసింది.

చూసి చూసి, "అవ్వా, నీ చెయ్యి ఒకసారి చాపు," అంది. చీపురుపుల్లను అవ్వ జానంత తుంచింది. దాంతో అవ్వ మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచింది. సరిగ్గా రెండు పుల్లలు! తాత చెప్పిన మాట నిజమే. కాకపోతే అది చేసేవాళ్ళ జాన కాదు, కూచునేవాళ్ళ జాన.

ఆ తర్వాత మూడో పీట చేసి అవ్వ వంటింట్లో వేసింది. సోమాచారి కూడా వెళ్ళి గోడవారగా నిలబడ్డాడు. అవ్వ కూచుంది. ఇంతలో, "అయ్యో, నా పాలు!" అంటూ లేచి గబగబా పొయ్యి దగ్గరికి పోయింది. ఎవరూ పట్టుకోలేదు. తను లేచానన్న సంగతే ఆవిడకు తెలియలేదు. సోమాచారికి సరిగా కనపడలేదు గానీ, ఆ అడుగుల చప్పుడు బాగానే వినపడింది.

ఇంటికొచ్చాక భ్రమర పంచ ఎక్కింది గానీ ఆయన ఎక్కలేదు. పని చెప్పడానికి వచ్చినవాళ్ళు నిలబడే చోట, మెట్టు కింద నిలబడ్డాడు. "ఆచారీ!" అని పిలిచాడు.

భ్రమర వెనక్కి తిరిగి చూసింది, ఎవరొచ్చారా అని. వెనక ఎవరూ లేరు.

"నిన్నేనమ్మా, ఆచారీ. ఊరందరినీ కూచోబెట్టాను, నా బతుకంతా మాత్రం నేల మీద గొంతుక్కూచునే గడిచిపోయింది. నాకో పీట చేసిపెడతావా?"

భ్రమర మెట్టు దిగి వచ్చి, ఇంకో చీపురుపుల్ల తీసి, "చెయ్యి చాపు నాన్నా," అంది.

కథేమో కంచికి చేరింది, కన్నేమో నిద్రకు వాలింది.