ముందే పెట్టిన సంతకాలు

వృక్షశాస్త్రం ఆచార్యులు నాగభూషణం గారికి ఒక అలవాటు. సెమిస్టరు మొదట్లో పిల్లలు తామెంచుకున్న ఆప్షనల్ పేపర్ల ఫారం మీద సలహాదారు సంతకం కోసం వస్తారు. ఆయన ఫారం అందుకుని, పెన్నుకి మూత పెట్టి, ఎదుటి కుర్చీ చూపిస్తారు. పక్క గదుల్లో రెండు నిమిషాల్లో తేలే పని ఈయన దగ్గర అరగంట. ఆ లైను చూసి పిల్లలు ఆయన గదికి రేషన్ షాపని పేరు పెట్టారు.

ఆయన దగ్గరే చదువుకుని, ఆ విభాగంలోనే కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇమ్మానుయేలు ఒకనాడు ఉక్రోషం పట్టలేక అడిగాడు. "సార్, పిల్లల దృష్టిలో సలహాదారంటే సంతకం పెట్టే చెయ్యి, అంతే. ఏం తీసుకోవాలో సీనియర్లని అడుగుతారు, వాట్సాప్‌లో అడుగుతారు, మనల్ని మాత్రం అడగరు. అడగనివాళ్ళకి ఏం చెబుతాం?"

నాగభూషణం గారు వాదించలేదు. సుగుణ అనే అమ్మాయి సంగతి చెప్పారు.

ఇరవై ఏళ్ళ కిందట ఆయన గది ముందు లైనే ఉండేది కాదట. ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టేసి, గుమ్మం బయట బల్ల మీద ట్రేలో ఉంచేవారు. ఎవరికి వాళ్ళు తీసుకుని నింపుకోవడమే. ఇంత మంచి సలహాదారు యూనివర్సిటీ మొత్తంలో లేడని పిల్లలు మెచ్చుకుంటుంటే ఆయన మురిసిపోయేవారు. పొగడ్తకు పడనివాడెవడు?

ఆ ఏడు సుగుణ ట్రే దాటుకుని లోపలికి వచ్చింది. పాడేరు కొండల్లోని పిల్ల, వాళ్ళ ఊరి నుంచి డిగ్రీ చదువుకు వచ్చిన మొదటి మనిషి. "సార్, ఫారం..." అంది. ఆయన దిద్దుతున్న పేపర్లలోంచి తల ఎత్తకుండానే, "బయట ఉన్నాయమ్మా, సంతకం పెట్టేశాను" అన్నారు. ఆ పిల్ల కాసేపు అక్కడే ఉంది. తర్వాత "సరే సార్" అని వెళ్ళిపోయింది.

స్నేహితురాళ్ళు తీసుకున్నారని తనూ స్టాటిస్టిక్స్ తీసుకుంది. పదో తరగతితోనే లెక్కలు వదిలేసిన పిల్ల. రెండుసార్లు తప్పింది, మూడోసారి పరీక్షకు కూర్చోలేదు. చదువు మానేసి టీసీకి దరఖాస్తు పట్టుకొస్తే దాని మీదా ఆయన సంతకమే కావాలి. జతచేసిన మార్కులు ఆయన చూశారు. అప్పుడు, మొదటిసారిగా, కుర్చీ చూపించారు. "కూర్చోమ్మా. ఆ పేపరు ఎందుకు తీసుకున్నావు?"

"ఇప్పుడెందుకులెండి సార్, బస్సెల్లిపోద్ది" అంది సుగుణ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. పోతూ పోతూ ఒక మంచిమాట చెప్పాలనుకుంది కాబోలు, గుమ్మంలో ఆగి, "మీరు మంచోరు సార్. మమ్మల్నెప్పుడూ నిలబెట్టలేదు" అంది.

ఇన్నేళ్ళయినా ఆ మాటకి నాగభూషణం గారి సిగ్గు తీరలేదు.

ఇమ్మానుయేలు ఓదార్చబోయాడు. "ఆమె నోరు తెరిచి అడగలేదు కదా సార్. అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"అడగడానికే నిలబడిందయ్యా," అన్నారాయన. "నేను తల ఎత్తలేదు."