తిన్నగా పట్టుకున్న స్టీరింగు

ఒక ఊళ్లో రంగారాయుడనే మునసబు ఉండేవాడు. అందరికంటే ఎత్తున కూర్చోవాలని తన జీపును జానెడు పైకి లేపించాడు. ఆనాటి నుంచి స్టీరింగు కుడికి వంచి పట్టుకుంటే తప్ప జీపు తిన్నగా పోవడం లేదు. ఎత్తు పెంచాక చక్రాల అలైన్‌మెంటు సరిచేయించాలని డ్రైవరు అప్పలకొండ చెప్పి చెప్పి విసిగిపోయాడు. పైకెక్కే తొందరలో ఉన్నవాడికి కింది చక్రాల సంగతి పట్టదు.

"జీపుకేం రోగం లేదురా. నీ చేతికే వంకర," అన్నాడు మునసబు. "స్టీరింగు తిన్నగా పట్టుకో. ఇంకోసారి వంచావంటే నీ కొలువు ఊడినట్టే."

అప్పలకొండ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కొలువుతోనే. "చిత్తం బాబూ," అని స్టీరింగు తిన్నగా బిగించి పట్టుకున్నాడు. జీపు మెల్లగా ఎడమకు లాగి, బాట దిగి, మునసబుతో ఏళ్ల తరబడి మాటలు లేని సూరినాయుడి వాకిట్లోకి నడిచింది.

"తిప్పరా, తిప్పు," అన్నాడు మునసబు.

"తిప్పితే వంచినట్టే కదా బాబూ. పిల్లలు గలవాణ్ణి," అంటూ అప్పలకొండ అరుగు ముందు బ్రేకు తొక్కాడు.

సూరినాయుడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "ఇన్నేళ్లకి మా ఇల్లు గుర్తొచ్చిందా మునసబుగారూ? అంతెత్తు నుంచి దిగడానికి నిచ్చెన తెప్పించమంటారా?"

మునసబు పళ్లు నూరాడు. "వెనక్కి తియ్యి. సరాసరి మెకానిక్కు దగ్గరికి పోనియ్."

"చిత్తం. స్టీరింగు ఎలా పట్టుకోమంటారు బాబూ?"

మునసబు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వంచే పట్టుకుని ఏడు."