ఆకుచాటు గూడు

అనగనగా ఒక అడవిలో, కొండకు దిగువన, కాటుక అనే ఆడ కొండముచ్చు ఉండేది. మొహం నల్లగా నిగనిగలాడుతోందని వాళ్ళ అవ్వ పెట్టిన పేరది. కొండముచ్చులన్నిటికీ మొహం నల్లగానే ఉంటుంది కదా అంటారేమో! మనవరాలి నలుపు అవ్వ కంటికి వేరేగా కనబడింది, మనమేం చేస్తాం?

ఈ కాటుకకి ఒక పిచ్చి ఉండేది. పిట్టల్ని చూసే పిచ్చి. గుంపులో మిగతావాళ్ళు పొద్దున్నే లేచి ఏ చెట్టు చిగురేసిందా అని చూస్తే, కాటుక మాత్రం ఏ కొమ్మ మీద ఏ పిట్ట వాలిందా అని చూసేది. అలాగని ఎక్కడెక్కడికో తిరిగేది కాదు. తను పడుకునే ఉసిరి చెట్టు, దాని చుట్టూ పొదలు, పక్కనే వాగు, అంతవరకే.

"వాగవతల నెమళ్ళు ఆడుతున్నాయంట, రారాదూ?" అని తోటివాళ్ళు పిలిచేవాళ్ళు.

"మన చెట్టు మీద వాలేవాటినే నేనింకా సరిగ్గా చూడలేదమ్మా" అనేది కాటుక.

"పిట్టల్ని చూస్తే కడుపు నిండుతుందా?" అని వాళ్ళు నవ్వేవాళ్ళు.

అవ్వ మాత్రం నవ్వలేదు. మనవరాల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పింది. "చూడు తల్లీ, పిట్ట మేత మేస్తున్నంతసేపూ నువ్వు ముందుకు జరగొచ్చు. అది మేత ఆపి తలెత్తిందా, నువ్వు అక్కడే ఆగిపోవాలి. అప్పుడు కూడా అడుగేస్తే దాన్ని చూడటం అనరు, తరమటం అంటారు."

కాటుక ఆ మాట బుద్ధిగా పాటించింది. అందుకే ఆ చుట్టుపక్కల పిట్టలకి అదంటే బెదురు లేదు. పికిలి పిట్టలైతే దాని పక్క కొమ్మ మీదే కూర్చుని పోట్లాడుకునేవి.

అన్నిటిలోకీ కాటుకకి ప్రాణం పోగులమ్మ. పోగులమ్మ ఒక దర్జీ పిట్ట. గుప్పిట్లో దాగిపోయేంత చిన్నది. ముక్కే దానికి సూది. సాలీడు పోగులూ దూదీ తెచ్చుకుని, ఆకు అంచులు రెండూ కలిపి సంచిలా కుట్టి, అందులో గూడు పెట్టుకునేది. పాపం, ఆ ఏడు దానికేదీ కలిసిరాలేదు. మొదటి గూడు గాలివానకి కొట్టుకుపోయింది. రెండోసారి అడవిపంది ఒకటి వచ్చి మొక్కనే తొక్కేసింది. వానలు తగ్గుముఖం పట్టే వేళకి మూడో గూడు కుట్టుకుంది. ఇదీ పోతే ఆ ఏటికి ఇక పిల్లలు లేనట్టే.

ఈసారి ఉసిరి చెట్టు పక్కనున్న చిన్న టేకు మొక్కను ఎంచుకుంది. "ఇక్కడైతే నువ్వుంటావు కదక్కా, నాకదో ధైర్యం" అంది.

కొన్నాళ్ళకి గుడ్లు పిల్లలయ్యాయి. మూడు గొంతులు కిచకిచలాడుతుంటే కాటుకకి వినబడేవి. కానీ పిల్లలు కనబడేవి కావు. పైన టేకు ఆకులు గొడుగుల్లా కప్పేశాయి మరి.

"ఈ పిల్లలు మొదటిసారి ఎగరటం కళ్ళారా చూస్తే చాలు, నాకింకేం వద్దు" అనుకుంది కాటుక. ఎగిరే వేళకి ఆకులు అడ్డం వస్తేనో? ఆ ఆలోచన వచ్చిందో లేదో, చెయ్యి చాపి ఒక ఆకు తెంపేసింది. తెంపిన ఆకు పారెయ్యటమెందుకని నమిలేసింది కూడా.

"అక్కా, ఆ ఆకు మా ఇంటి కప్పు" అంది పోగులమ్మ.

"ఒక్క ఆకే కదా చెల్లీ, ఇంకా ఎన్ని లేవు!"

పెద్దదానికి, పైగా ఇష్టంగా చూసుకునేదానికి, ఇంకేం చెబుతుంది? పోగులమ్మ ఊరుకుంది.

మర్నాడు కాటుక ఇంకో ఆకు తెంపింది. ఇప్పుడు గూటి అంచు కనబడింది, ఒక పసుపు నోరు కూడా కనబడింది. కాటుక సంబరం చెప్పనలవి కాదు. అప్పుడే పోగులమ్మ ముక్కున పురుగుతో వచ్చింది. గూట్లోకి వెళ్ళలేదు. ఎదురు కొమ్మ మీద వాలి, ఇటు చూసి, అటు చూసి, తోక ఆడిస్తూ చాలాసేపు కూర్చుంది.

"నేను బాగా చూడాలని ఎంతసేపు ఆగిందో చూడు, పిచ్చితల్లి!" అని మురిసిపోయింది కాటుక.

అవ్వ చెప్పిన మాట అప్పుడు దానికి గుర్తుకు రాలేదు. ఇష్టం ఎక్కువైతే కళ్ళకి కూడా మనకి నచ్చిందే కనబడుతుంది.

ఆ మర్నాడు మూడో ఆకు తెంపింది. ఇక గూడంతా బట్టబయలు. మూడు పిల్లలూ నోళ్ళు తెరిచి కనబడుతున్నాయి. కాటుక రెప్ప వెయ్యకుండా చూస్తోంది. అప్పుడు పొదలోంచి ఒక జెముడు కాకి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా నలుపు, రెక్కలు ఇటుకరంగు, కళ్ళు నిప్పుకణికలు.

"ఏం చూస్తున్నావక్కా అంత ముచ్చటగా?" అన్నాడు.

తోటివాళ్ళెవరూ ఎప్పుడూ అడగని మాట అది. కాటుక పొంగిపోయింది. "అదిగో జెముడన్నా, ఆ కుట్టిన ఆకులో చూడు. ముగ్గురు పిల్లలు!"

"ఆహా! నీ కంటికి కనబడనిది లేదక్కా. రోజూ నువ్వు ఇటే చూస్తుంటే ఏముందా అనుకున్నాను. నేనూ చూడటానికే వచ్చానులే" అన్నాడతను.

కాసేపటికి కాటుకకి దాహమేసి వాగుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గూట్లో రెండే ఉన్నాయి. పోగులమ్మ కొమ్మ కొమ్మకీ గెంతుతూ గుండెలవిసేలా అరుస్తోంది.

"నేను ఆకులే తెంపాను చెల్లీ! పిల్ల జోలికి పోలేదు!" అంది కాటుక.

"పోలేదక్కా. జెముడన్న పోయాడు. నువ్వు తలుపు తీశావు, అతను లోపలికొచ్చాడు" అంది పోగులమ్మ.

ఆ మాటతో కాటుకకి తను చేసిందేమిటో తెలిసొచ్చింది. చెడ్డ బుద్ధితో చేసిన పని కాదు. కానీ పోయిన పిల్ల తిరిగి రాదు కదా. తలుచుకుంటే నాకూ గుండె బరువెక్కుతోంది పిల్లలూ.

కాటుక పరుగున వెళ్ళి పెద్ద పెద్ద ఆకులు కోసుకొచ్చి గూటి మీద పేర్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమంటే ఇదే. చిన్న గాలి రాగానే అన్నీ జారి కింద పడ్డాయి.

"పోనీ, గూటిని జాగ్రత్తగా తీసి గుబురులో పెడతాను" అంది.

"కుట్టు తెగితే గూడు నిలవదక్కా" అంది పోగులమ్మ.

"అయితే రాత్రీ పగలూ ఇక్కడే కూర్చుని పిల్లల్నే చూస్తూ కాపలా కాస్తాను."

పోగులమ్మ మెల్లగా అంది. "నీ కళ్ళు మా మీదుంటే నాకు గూట్లోకి రావటానికి రెక్కలాడవు. నిన్న పురుగు పట్టుకుని బయటే కూర్చున్నది అందుకే. పిల్లలు సగం ఆకలితో ఉన్నారక్కా. పైగా నువ్వెటు చూస్తే లోకమంతా అటే చూస్తుంది. కాపలా కాస్తానంటే కాయి. కానీ మా వైపు వీపు పెట్టి కూర్చో."

కాటుకకి ఏడుపొచ్చింది. ఈ పిల్లల్ని చూడాలనే కదా ఇంత చేసింది! అయినా ఇంకేం మాట్లాడకుండా టేకు మొక్కను ఆనుకుని, గూటికి వీపు పెట్టి కూర్చుంది. వాన వస్తే ఆ వీపే కప్పు. ఎండ కాస్తే ఆ వీపే నీడ.

వాగవతల మేడిపళ్ళు పండాయి. గుంపంతా అటు వెళ్ళింది, కాటుక వెళ్ళలేదు. అవ్వే కుంటుకుంటూ వచ్చి రెండు పళ్ళు చేతిలో పెట్టింది. ఏమైందని అడగలేదు, తిట్టలేదు. ఆ తిట్టకపోవటమే కాటుకకి ఎక్కువ బాధనిపించింది.

జెముడు కాకి మళ్ళీ వచ్చాడు. "ఏమక్కా, ఇవాళ పిల్లల్ని చూడటం లేదేం?" అన్నాడు తీపిగా.

"ఇక్కడ చూడటానికేమీ లేదు. వెళ్ళు."

అతను పొద చాటున అటు నుంచి చుట్టి రాబోయాడు. ఆకుల అలికిడికే కాటుక పళ్ళు బయటపెట్టి, కొమ్మ విరిగేలా చరిచి ఒక్క అరుపు అరిచింది. జెముడు కాకి బతుకు జీవుడా అని పరిగెత్తి పోయాడు. మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు.

ఒక పొద్దున్న వాన వెలిసి లేత ఎండ వచ్చింది. వెనకాల పోగులమ్మ గొంతు కొత్తగా వినబడింది. పిలుస్తోంది, బతిమాలుతోంది, ధైర్యం చెబుతోంది. కాటుకకి అర్థమైంది. పిల్లలు ఎగిరే వేళ అది!

ఒక్కసారి తల తిప్పితే చాలు. ఒక్క క్షణం చూస్తే ఏం పోతుంది? మెడ దానంతటదే పక్కకి తిరగబోయింది. అప్పుడొక పిల్ల కిచకిచమనటం టక్కున ఆగిపోయింది. అది బెదిరిందని కాటుకకి తెలిసింది. గట్టిగా కళ్ళు మూసుకుని, మొహం మోకాళ్ళలో దాచుకుంది.

ఫుర్రుమని ఒక చప్పుడు. కాసేపాగి ఇంకొకటి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

"ఇంక తిరగొచ్చక్కా" అంది పోగులమ్మ ఎక్కడో పైనుంచి.

కాటుక తిరిగి చూసింది. కుట్టిన ఆకు ఒక్కటే ఖాళీగా ఊగుతోంది.

అంతలో అవ్వ వచ్చింది. "ఎగరటం చూశావుటే తల్లీ?" అని అడిగింది.

"లేదవ్వా" అంది కాటుక కళ్ళు తుడుచుకుంటూ. "కానీ ఎగిరాయి."

నీతి: మనకి ఇష్టమైనవాళ్ళు కళ్ళెదుట ఉండటం కన్నా, కనబడకపోయినా చల్లగా ఉండటమే మిన్న.