శెట్టిగారి బదులు ధ్యానం

పూర్వం కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో పెద్దిశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. తమ్ముడు చనిపోయినప్పటి నుంచి ఆయనకు చావు భయం పట్టుకుంది. కొండమీది బౌద్ధారామానికి వెళ్లి మొరపెట్టుకుంటే అక్కడి భిక్షువు, "రోజూ పొద్దున్నే కూర్చుని నీ ఊపిరిని గమనించు. పుట్టినదంతా పోయేదేనని మెల్లగా తెలిసొస్తుంది, భయం తగ్గుతుంది" అన్నాడు.

ఏ పనీ తన చేత్తో చేసుకుని ఎరగని శెట్టి, ఇంట్లో వడ్లు దంచే కొమిరిని పిలిచాడు.

"నా బదులు నువ్వు ధ్యానం చెయ్యి. నా భయం పోకపోతే నీ పని ఊడుతుంది" అన్నాడు.

"అలాగే అయ్యగారూ" అని కొమిరి అరుగుమీద కళ్లు మూసుకు కూర్చుంది. మధ్యాహ్నం లేచి, తిన్నగా లోపలికెళ్లి, శెట్టికి వడ్డించిన నేతి పులగమంతా తినేసింది.

"నా అన్నం తిన్నావేమే?" అని శెట్టి మండిపడ్డాడు.

"తమరి బదులే తిన్నానండి. ఇంకా ఆకలిగా ఉందా?"

"ఉండదూ? నువ్వు తింటే నా కడుపెలా నిండుతుందే!"

"మరి నేను కూర్చుంటే తమరి భయమెలా పోతుందండీ?"

శెట్టి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడ్డారు.

మర్నాటి నుంచి ఆయనే అరుగెక్కాడు. కొన్నాళ్లకు కొమిరి, "భయం పోయిందా అయ్యగారూ?" అని అడిగింది.

"పూర్తిగా పోలేదే. ఇదివరకు నెత్తిమీద కూర్చునేది, ఇప్పుడు పక్కన కూర్చుంటోంది" అన్నాడు శెట్టి.